బంగారము లేని బంగారు పూత

పండుగ ముందు ఇత్తడి బిందెలను చింతపండుతో తోమే ఇంటిలో పెరిగినవారికి చిలుము అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ఇత్తడిలోని రాగి తేమతోను, గాలిలోని బొగ్గుపులుసు వాయువుతోను, ఉప్పుతోను కలిసి పచ్చని లవణములుగా మారును. చింతపండులోని ఆమ్లము వాటిని కరిగించును. ఈ చిలుమే అమెరికాలో పుట్టిన ఒక సంగీత వాద్యమునకు వయసు గుర్తుగా నిలిచినది. ఆ కథ వంటింటి ఇత్తడితో మొదలుపెట్టుటకు కారణమదే.

1952లో మిషిగన్ రాష్ట్రములోని కలమజూ పట్టణమున ఉన్న గిబ్సన్ కర్మాగారము ఒక విద్యుత్ గిటారును విడుదల చేసినది. దానికి లెస్ పాల్ అనే ప్రసిద్ధ వాద్యకారుని పేరు పెట్టినారు. సాధారణ గిటారు వలె దీని పొట్ట గుల్లగా ఉండదు. మహాగని దిమ్మపై మేపుల్ కొయ్య పలకను అతికించి చేసిన ఘనమైన శరీరము. ముందుభాగము నిండా బంగారు రంగు, వెనుక మహాగని గోధుమ వన్నె. దీనిని ఎవరు ఎంతవరకు రూపొందించినారన్న విషయమై కర్మాగారమువారి మాట ఒకటి, లెస్ పాల్ మాట మరొకటి. ఆ తగవు మనకెందుకు? బంగారు రంగు మాత్రము తన కోరికేనని అతడు తరువాత చెప్పుకొన్నాడు.

ఆ పూతలో బంగారము రవ్వంతైనా లేదు. ఉన్నది ఇత్తడి, అనగా రాగి, తుత్తునాగముల మిశ్రలోహము. దానిని పలుచని రేకుల పొడిగా చేసి పారదర్శకమైన వార్నిషులో కలిపినారు. వర్తకులు ఈ పొడిని కంచుపొడి అందురు. కంచులో ఉండవలసిన తగరము ఇందులో లేకపోయినా పేరు నిలిచిపోయినది.

ఈ పొడికి గిటారు కంటె పాత చరిత్ర ఉన్నది. 1840 ప్రాంతమున లండనులో హెన్రీ బెస్సెమర్ అనే యువకుని సోదరి తాను వేసిన పూల చిత్రముల సంపుటికి పేరు వ్రాసిపెట్టమని అతనిని కోరినది. బంగారు అక్షరములతో వ్రాయవలెనని అతడు అంగడికి పోయి కంచుపొడి కొన్నాడు. ఔన్సు వెల ఏడు షిల్లింగులు! పౌను ఇత్తడి షిల్లింగుకు లోపే దొరకుచుండగా, పదహారు ఔన్సుల పౌను పొడికి నూటపన్నెండు షిల్లింగులు ఏల? పొడిని జర్మనీలో చేతితో చేయుచుండుటయే కారణము. ఇత్తడిని పలుచని రేకులుగా సుత్తితో సాగగొట్టి, ఆ రేకులను తేనెతో కలిపి నూరి, తేనెను కడిగివేసెడివారు. ఈ పనికి యంత్రము కట్టవచ్చునని బెస్సెమరుకు తోచినది.

మొదటి ప్రయత్నములో పొడి వచ్చినది గాని మెరుపు రాలేదు. అతడు ఆ రెండు పొడులను సూక్ష్మదర్శిని క్రింద పెట్టి చూచినాడు. జర్మను పొడి చదునైన రేకులు; తన పొడి ముడుచుకొన్న తునకలు. చదునైన రేకులు పూతలో చేపపొలుసుల వలె ఒకదానిపై ఒకటి పరచుకొని కాంతిని ఒకే దిక్కునకు పరావర్తనము చేయును. వంకరతునకలు దానిని నలుదిక్కులకు చెదరగొట్టును. లోహము అదే, రంగు అదే, ఆకారమే భేదము. విద్యార్థులు ఇక్కడ ఒక్క క్షణము ఆగవలెను.

తరువాత బెస్సెమర్ యంత్రమును సాధించినాడు గాని పేటెంటు తీసికొనలేదు. తీసికొన్నచో రహస్యము బయటపడును గదా! యంత్రభాగములను వేర్వేరు కార్ఖానాలలో చేయించి, తానే కూర్చి, తాళము వేసిన గదులలో బావమరదులు ముగ్గురితో నడిపించినాడు. ఆ పొడి తెచ్చిన ధనముతోనే ఉక్కు ప్రయోగములు సాగినవి. 1856లో లోకమెరిగిన బెస్సెమర్ ఉక్కు పద్ధతి వచ్చినది.

ఇక వార్నిషు సంగతి. ప్రత్తిని నత్రికామ్లము, గంధకికామ్లములతో చర్య జరిపిన నైట్రోసెల్యులోజు వచ్చును. 1846లో షోన్‌బైన్ ప్రకటించిన ఈ పదార్థము మందుగుండుకు పనికివచ్చినదే. తక్కువ నత్రజని గల రకమును ద్రావణులలో కరిగించిన త్వరగా ఆరే పూత అగును. 1920 దశకములో మోటారుకార్లకు, పిమ్మట వాద్యములకు ఇదే వాడుకైనది.

అయితే ఈ పూత కాలక్రమమున పసుపెక్కును, పెళుసై సన్నని బీటలు తీయును. వాయించువాని ముంజేయి ఆనుచోట అరిగిపోవును. అక్కడ చెమటలోని ఉప్పు, ఆమ్లములు ఇత్తడి రేకులను తాకును. తక్కిన కథ మన బిందె కథయే. 1950 దశకపు గిటార్లలో చేయి ఆనినచోట, బీటల వెంబడి పచ్చని చారలు కనిపించుటకు ఇదే కారణము. 1958లో కర్మాగారమువారు ఈ రంగును మాని, కొయ్య నరములు కనిపించు ఎర్రని ఛాయను వాడిరి. 1968లో బంగారు రంగు మరల వచ్చినది.

నేడు అట్టి పాత వన్నె కోరువారికి రెండు దారులు. అభ్రకపు రేకులపై టైటానియం, ఇనుము ఆక్సైడుల పలుచని పొర వేసిన పొడి ఒకటి. గూడూరు గనులకు పేరు తెచ్చిన అభ్రకమే అది. దానికి చిలుము పట్టదు. రెండవది అసలు ఇత్తడి పొడి. దీనిని వార్నిషులో ముందుగా కలిపి నిలువ ఉంచరాదు. డబ్బాలోనే పచ్చబడి గడ్డకట్టవచ్చును. చల్లునంతసేపు కలుపుచుండవలెను, రేకులు అడుగున దిగును. బంగారు పొరను గరుకుకాగితముతో రుద్దరాదు. రుద్దవలసినది పైన వేసిన పారదర్శకపు పొరనే. ఒకచోట చెడినచో అతుకు వేయుట దాదాపు అసాధ్యము, కొత్త రేకులు పాతవాటి వరుసలో పడవు. కొత్త కొయ్యపై ఎవరు ఏది వేసినను సరే. కాని 1950 దశకపు అసలు పూతను గీకి కొత్తది వేయుట నా మతములో తప్పే. ఎవరి చేయి ఎక్కడ ఆనినదో చెప్పు సాక్ష్యము ఆ పచ్చని మరకలలోనే ఉన్నది. అట్లు గీకిన వాద్యమునకు వెల కూడ బాగా తగ్గును.

ఉపాధ్యాయులకు ఒక ప్రయోగము. రెండు చెక్కపలకలకు ఇత్తడి పొడి కలిపిన వార్నిషు పూసి, ఒకదానికి మాత్రము పైన పారదర్శకపు పొరలు రెండు వేయండి. ఆరిన పిదప దానిపై సూదితో ఒక గీత గీయండి. రెండింటిని ప్రతిదినము ఉప్పు, నిమ్మరసము కలిపిన నీటితో తడిపి, చిలుము ముందు ఎక్కడ పుట్టునో తేదీలతో వ్రాయించండి. వార్నిషు సులభముగా అంటుకొనును గనుక పూత పని ఆరుబయట, నిప్పుకు దూరముగా చేయవలెను.