కఠినమైన మైదానాలు – ఒక వైద్యుని కొలత



ఆరోగ్య విషయాలు ముచ్చటించుకునే చోట గోల్ఫ్ ప్రస్తావన ఎందుకని మీరు అడగవచ్చు. అడగడం న్యాయమే. మా రాజుపాలెం నుంచి ఎటు చూసినా మిరప చేలు, పత్తి చేలు, పిడుగురాళ్ళ వైపు వెళితే సున్నపు బట్టీలు కనిపిస్తాయి గాని గోల్ఫ్ మైదానం కనిపించదు. మనలో చాలామందికి అది టీవీలో చూసే సంపన్నుల ఆట మాత్రమే. అయినా ఆ ఆట చరిత్రలో వైద్యులు, రోగులు కూడా తెలుసుకోదగిన ఒక అధ్యాయం ఉంది. ప్రపంచంలోని మేటి ఆటగాళ్ళను నేటికీ తడబడేలా చేస్తున్న కొన్ని మైదానాలను రూపొందించినవాడు ఒక వైద్యుడు. కష్టాన్ని మనిషికి ఎంత మోతాదులో ఇవ్వాలన్న ప్రశ్నకు ఆయన చెప్పిన సమాధానం, రోజూ నడవమని సలహా ఇచ్చే నావంటివారికీ, ఆ సలహా వినే మీకూ పనికివస్తుంది.

ముందుగా ఆట గురించి రెండు మాటలు. గోల్ఫ్ మైదానంలో సాధారణంగా 18 హోల్స్ ఉంటాయి. ప్రతి హోల్‌లోనూ ఒక చివర నుంచి బంతిని కర్రతో కొట్టి, మరో చివర నున్నగా కత్తిరించిన గడ్డి నేలలోని చిన్న గుంతలో వేయాలి. ఆ గడ్డి నేలను గ్రీన్ అంటారు. ఎన్ని తక్కువ దెబ్బలలో వేస్తే అంత గొప్ప. దారిలో బంకర్లనే ఇసుక గుంటలు, నీటి మడుగులు, చెట్లు, ఏపుగా పెరిగిన గడ్డి అడ్డుపడతాయి. ఈ అడ్డంకులను ఎక్కడ, ఎంత పెట్టాలో నిర్ణయించేవాడే మైదాన రూపశిల్పి.

మైదానం ఎంత కఠినమో చెప్పడానికి స్లోప్ అనే కొలత ఉంది. అది 55 నుంచి 155 వరకు ఉంటుంది; 113ను ప్రమాణంగా తీసుకుంటారు. ఇందులో గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. నిపుణునికి మైదానం ఎంత కష్టమో ఈ అంకె చెప్పదు. నిపుణునితో పోలిస్తే సామాన్యునికి అది ఎంత ఎక్కువ కష్టమో చెబుతుంది. అంటే గొప్పవానికి కష్టం కావడం వేరు, సామాన్యునికి కష్టం కావడం వేరు. ఈ తేడాను గుర్తుంచుకోండి. మన కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

కఠిన మైదానాల చరిత్రలో తొలి వరుసలో నిలిచేది అమెరికాలోని పిట్స్‌బర్గ్ దగ్గరి ఓక్‌మాంట్. ఉక్కు వ్యాపారి హెన్రీ ఫౌన్స్ దానిని 1903లో నిర్మించాడు. తప్పు కొట్టిన దెబ్బకు తప్పనిసరిగా నష్టం కలగాలన్నది ఆయనదీ, ఆయన కుమారునిదీ సిద్ధాంతం. గ్రీన్లు గాజుపలకల వలె జారుడుగా ఉండేవి. బంకర్లలోని ఇసుకను సైతం ప్రత్యేకమైన బరువైన పళ్ళకర్రతో దున్ని, చాళ్ళు పడేలా చేసేవారు. బంతి ఆ చాలులో పడితే బయటికి తీయడమే ఒక తపస్సు.

ఫిలడెల్ఫియాకు చెందిన హోటల్ యజమాని జార్జ్ క్రంప్ కథ మరింత విషాదకరమైనది. ఆయన న్యూజెర్సీలోని పైన్ చెట్ల ఇసుక నేలలో పైన్ వ్యాలీ మైదానాన్ని తన జీవిత ధ్యేయంగా చేపట్టి, 1918 జనవరిలో మరణించాడు. అప్పటికి 14 హోల్స్ మాత్రమే పూర్తయ్యాయి. మిగిలిన నాలుగింటిని ఇతరులు పూర్తి చేశారు. ప్రపంచంలోని అత్యుత్తమ, అతి కఠిన మైదానాలలో ఒకటిగా దానిని నేటికీ లెక్కిస్తారు.

ఇటీవలి కాలంలో కాఠిన్యానికి మారుపేరుగా నిలిచినవాడు పీట్ డై. ఫ్లోరిడాలోని టీపీసీ సాగ్రాస్‌లో ఆయన నిర్మించిన 17వ హోల్ పొడవు 137 గజాలే. కాని గ్రీన్ చుట్టూ నీరే. నిర్మాణం కోసం అక్కడి ఇసుకను తవ్వి తీసేసరికి పెద్ద గొయ్యి మిగిలింది. దానిని నీటితో నింపి గ్రీన్‌ను ద్వీపంగా మార్చమని సూచించింది ఆయన భార్య, స్వయంగా రూపశిల్పి అయిన ఆలిస్ డై. కాలిఫోర్నియాలో డై నిర్మించిన పీజీఏ వెస్ట్ మైదానంలో 1987లో పోటీ జరిగాక, దానిని జాబితా నుంచి తొలగించాలని వృత్తి ఆటగాళ్ళే అర్జీ పెట్టుకున్నారు. 2016లో గాని పోటీ మళ్ళీ అక్కడికి రాలేదు.

దక్షిణ కరోలినా తీరంలోని కియావా దీవిలో ఆయన నిర్మించిన ఓషన్ కోర్స్‌దీ ఇటువంటి చరిత్రే. సముద్రం ప్రతిచోట నుంచీ కనిపించాలని ఆలిస్ సూచించగా నేలను ఎత్తు చేశారు. దానితో సముద్రపు గాలికి అడ్డు లేకుండా పోయింది. 1991లో అమెరికా, ఐరోపా జట్ల మధ్య రైడర్ కప్ పోటీ అక్కడే జరిగింది. అమెరికా ఆటగాడు మార్క్ కాల్‌కవెకియా నాలుగు హోల్స్ ఆధిక్యంలో ఉండి, చివరి నాలుగూ వరుసగా పోగొట్టుకుని కన్నీరు పెట్టుకున్నాడు. శరీరం బాగానే ఉన్నా మనసు చేతులను స్వాధీనంలో ఉంచుకోలేని స్థితి అది. పరీక్ష హాలులో చదివినదంతా మరచిపోయే విద్యార్థిలో మనం చూసేదీ దానినే.

ఇవన్నీ శిక్షించే మైదానాలు. ఇప్పుడు మన వైద్యుని దగ్గరికి వద్దాం.

అలిస్టర్ మెకంజీ 1870లో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో, స్కాట్లండు మూలాలున్న కుటుంబంలో జన్మించాడు. కేంబ్రిడ్జిలో చదివి వైద్యుడై, దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో శస్త్రవైద్యునిగా పనిచేశాడు. కొద్దిపాటి బోయర్ రైతు సైనికులు నేల ఒంపులను ఆసరా చేసుకుని పెద్ద సైన్యానికి కనిపించకుండా పోరాడే తీరు ఆయనను ఆకర్షించింది. కృత్రిమమైన కట్టడాన్ని ప్రకృతిలో కలిసిపోయేలా మరుగుపరిచే ఆ విద్యను ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యానికి నేర్పాడు. ఆ విద్యనే గోల్ఫ్ మైదానాలకూ అన్వయించాడు. 1907లో లీడ్స్ నగరం దగ్గర ఆల్‌వుడ్లీ మైదానంతో మొదలైన ఈ పని క్రమంగా ఆయనను వైద్యం నుంచి పూర్తిగా తనవైపు తిప్పుకుంది.

అయితే ఆయన వైద్యాన్ని విడిచాడే గాని వైద్యదృష్టిని విడవలేదు. అస్తమానం తన గుమ్మం తొక్కే రోగులను ఎంతో కష్టం మీద గోల్ఫ్‌కు ఒప్పించాననీ, ఆ తర్వాత వారు తన వైద్యశాలలో కనిపించడం చాలా అరుదనీ ఆయన రాసుకున్నాడు. ఆరుబయట నడక, గాలి, వెలుతురు, నలుగురితో మాట: ఇవి మందుసీసాలో దొరకవన్నది ఆయన నమ్మకం. 1920లో ప్రచురించిన గోల్ఫ్ ఆర్కిటెక్చర్ అనే గ్రంథంలో 13 సూత్రాలు చెప్పాడు. మైదానం నిపుణునికి పరీక్ష పెట్టాలి, అదే సమయంలో ఎన్ని దెబ్బలు వృథా అయినా కొత్తగా నేర్చుకునేవానికి కూడా ఆనందం కలగాలన్నది వాటి సారాంశం. పోయిన బంతి కోసం వెతుక్కునే చికాకు సైతం ఉండరాదన్నాడు.

ఈ సిద్ధాంతం ఎలా పనిచేస్తుందో కాలిఫోర్నియాలోని సైప్రస్ పాయింట్ మైదానంలో చూడవచ్చు. దానిని ఆయన 1928లో పూర్తి చేశాడు. 16వ హోల్‌లో ఇటు ఒక కొండకొమ్ము, అటు మరొక కొండకొమ్ము, నడుమ పసిఫిక్ మహాసముద్రం. బంతి 200 గజాలకు పైగా అలల మీదుగా ఎగిరి అవతల పడాలి. ఇది అసాధ్యమని అనుమానం వచ్చినప్పుడు, 1921 అమెరికా మహిళా ఛాంపియన్ మారియన్ హాలిన్స్ అక్కడే బంతి పెట్టి అవతలికి కొట్టి చూపిందట. ఆ ఘనత ఆమెదేనని మెకంజీ స్వయంగా ఒప్పుకున్నాడు. కాని అసలు విశేషం వేరే ఉంది. ఎడమవైపు నేల మీదుగా మరొక దారి ఉంది. సముద్రం దాటే బలం లేనివారు అటు కొట్టి, ఒక దెబ్బ ఎక్కువ ఖర్చు చేసి, క్షేమంగా గ్రీన్ చేరవచ్చు. సాహసానికి బహుమానం ఉంది. సాహసించలేనివానికి అవమానం లేదు.

ఆయన చివరి గొప్ప నిర్మాణం జార్జియా రాష్ట్రంలోని అగస్టా నేషనల్. 1930లో ఆట నుంచి విరమించుకున్న మహా ఆటగాడు బాబీ జోన్స్‌తో కలిసి, ఒకప్పటి పూలమొక్కల తోట స్థలంలో దానికి రూపమిచ్చాడు. ఓక్‌మాంట్ వంటి చోట్ల బంకర్లు వందకు మించగా, ఇక్కడ మొదట ముప్పై కూడా లేవు. వెడల్పైన దారిలో ఎవరైనా నడిచిపోవచ్చు. కాని తక్కువ దెబ్బలలో ముగించాలంటే మాత్రం గ్రీన్ల ఒంపులు మేధకు పరీక్ష పెడతాయి. మైదానం 1933 జనవరిలో ప్రారంభమైంది. ఆర్థికమాంద్యపు రోజులవి, మెకంజీకి రావలసిన పారితోషికం పూర్తిగా అందలేదు. పచ్చిక పరచుకుని సిద్ధమైన మైదానాన్ని ఆయన కళ్ళారా చూడనూ లేదు. 1934 జనవరిలో కన్నుమూశాడు. నేడు మాస్టర్స్‌గా ప్రసిద్ధమైన పోటీ మొదటిసారి జరిగింది ఆ తర్వాత రెండు నెలలకు, మార్చిలో. ఆయన చివరి రాతప్రతి ఎన్నో దశాబ్దాల తర్వాత వెలుగుచూసి 1995లో అచ్చయింది.

ఆ అగస్టా మైదానం మీద 2023లో ఒక తెలుగు పేరు వినిపించింది. హైదరాబాదు నుంచి వలస వెళ్ళిన దంపతుల కుమారుడు, 1997లో కాలిఫోర్నియాలో పుట్టిన సాహిత్ తీగల. మాస్టర్స్‌లో తొలిసారి ఆడుతూనే తొమ్మిదో స్థానంలో నిలిచాడు. చివరి రోజు 16వ హోల్‌లో గ్రీన్ వెలుపలి నుంచి కొట్టిన బంతి వాలు వెంట తిరిగి గుంతలో పడిన దృశ్యాన్ని ఎందరో పదేపదే చూశారు. అదే ఏడాది సెప్టెంబరులో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచి పీజీఏ టూర్‌లో తొలి విజయం సాధించాడు.

వైద్యునిగా నన్ను ఆకర్షించింది మరొక విషయం. సాహిత్‌కు స్కోలియోసిస్, అంటే వెన్నెముక పక్కకు ఒంగి ఉండే స్థితి ఉంది. మన పల్లెల్లో పిల్లవాని వెన్ను వంకర అని తెలియగానే ఆటలు మాన్పించి మూల కూర్చోబెట్టడం చూస్తుంటాం. అది సరికాదు. కౌమారంలో కనిపించే స్వల్ప వంకరలు చాలావరకు వ్యాయామానికి అడ్డుకావు. కదలిక మేలే చేస్తుంది. అయితే ఎదిగే వయసులో, ముఖ్యంగా ఆడపిల్లల్లో, వంకర పెరగవచ్చు. కాబట్టి పిల్లలను ముందుకు వంచి నిలబెట్టినప్పుడు వీపు ఒక పక్క ఎత్తుగా కనిపించినా, భుజాలు హెచ్చుతగ్గులుగా ఉన్నా ఎముకల వైద్యునికి చూపించండి. అవసరమైన కొద్దిమందికి బెల్టు, అరుదుగా శస్త్రచికిత్స కావాలి. దీనికి భిన్నమైన దృష్టాంతం బాబీ జోన్స్‌ది. వెన్నుపాములో నీటితిత్తి ఏర్పడే సిరింగోమైలియా వ్యాధి వల్ల ఆయన 1948 తర్వాత ఆడలేకపోయాడు, చివరికి చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. వెన్ను జబ్బులన్నీ ఒకటి కావు. పేరు తెలియనిదే భయపడరాదు, నిర్లక్ష్యమూ చేయరాదు.

తెలుగు నేల మీద గోల్ఫ్ చూడాలంటే హైదరాబాదు వెళ్ళవచ్చు. గోల్కొండలోని నయా ఖిల్లా ప్రాంగణంలో పాత ప్రాకారాల నడుమ ఒక మైదానం ఉంది. గచ్చిబౌలి ప్రాంతంలోని బౌల్డర్ హిల్స్‌ను పీటర్ హరడైన్ రూపొందించాడు. అక్కడ దక్కను పీఠభూమి గుండ్రాళ్ళే అడ్డంకులు. రాతిని తొలగించకుండా ఆటలో భాగం చేయడం మెకంజీ మెచ్చుకునే పద్ధతే.

ఇక మన సంగతి. 18 హోల్స్ కాలినడకన ఆడితే దాదాపు 7 నుంచి 10 కిలోమీటర్ల నడక అవుతుంది. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థ పరిశోధకులు సుమారు 3 లక్షల మంది గోల్ఫ్ ఆటగాళ్ళ వివరాలు పరిశీలించారు. అదే వయసు, అదే సామాజిక స్థాయి గల ఇతరులతో పోలిస్తే వారిలో మరణాల రేటు 40 శాతం తక్కువగా కనిపించింది. ఇదంతా గోల్ఫ్ మహిమేనని చెప్పలేం. ఆరోగ్యవంతులే ఆటకు వెళ్ళడం కూడా ఒక కారణం కావచ్చు. కాని నడక మేలు చేస్తుందన్న విషయంలో సందేహం లేదు. దానికి మైదానం అక్కరలేదు. డొంకదారి చాలు, కాలువగట్టు చాలు.

వ్యాయామ సలహా ఇచ్చే మేము తరచుగా ఫౌన్స్ మార్గాన్ని పడతాం. రోజుకు పదివేల అడుగులు, లేకుంటే వృథా అంటాం. మోకాళ్ళ నొప్పులున్న అరవయ్యేళ్ళ అమ్మ మూడు రోజులు ప్రయత్నించి, నాలుగో రోజు మానేస్తుంది. ఆమె బద్ధకస్తురాలు కాదు. మనం సముద్రం మీది దారి ఒక్కటే చూపి, పక్కదారి చూపలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ సూచిస్తుంది. అంత కుదరకపోయినా, కొంత చేయడం ఏమీ చేయకపోవడం కంటే మేలని కూడా అదే సంస్థ చెబుతుంది. పది నిమిషాలతో మొదలుపెట్టండి. నడుస్తూ మాట్లాడగలగాలి, కాని పాట పాడలేనంత వేగం ఉండాలి. వారం వారం కొద్దిగా పెంచండి. 65 దాటినవారు వారానికి మూడు రోజులైనా తూలిపోకుండా నిలబడే అభ్యాసాలు చేయండి, పడిపోవడాలు తగ్గుతాయి. మన పల్నాటి ఎండల్లో తెల్లవారుజామునే ముగించండి. నడకలో ఛాతీ బిగుతు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, అసాధారణ ఆయాసం వస్తే వెంటనే ఆగి వైద్యుని సంప్రదించండి.

బలమున్నవారు తమ సముద్రాన్ని దాటాలని ప్రయత్నించనివ్వండి. మీ ఇంట్లో దాటలేనివారు ఉంటే, ఎడమవైపు నేల దారి ఒకటి ఉందని ఈ వారమే వారికి చెప్పండి. వీలైతే మొదటి పది నిమిషాలు వారి పక్కనే నడవండి.