భుజపట్టీ మీది హైదరాబాదు: యుద్ధకాలపు ఛాయాచిత్రాలలో దళ నిర్ధారణ

రెండు ప్రపంచ యుద్ధాల నాటి భారతీయ సైనికుల ఛాయాచిత్రాలలో దళాన్ని గుర్తించడానికి ప్రధానమైన ఆధారం భుజపట్టీ మీది లోహాక్షరాలు. తలపాగా ధరించిన సిపాయికి టోపీ బ్యాడ్జి ఉండదు కనుక వీటి విలువ మరింత ఎక్కువ. అయితే అవి చెప్పేది దళం పేరే గాని సైనికుడి ఊరూ భాషా కావు. ఈ తేడాను విస్మరించినందువల్ల స్థానిక చరిత్ర రచనలో కలిగే చిక్కుకు ‘హైదరాబాదు’ అన్న పేరే మంచి ఉదాహరణ.

ఆ పేరు కనీసం రెండు వేర్వేరు సేనలది. మొదటిది నిజాం సొంత అశ్వికదళమైన హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్స్. ఇది మొదటి యుద్ధంలో ఈజిప్టు, పాలస్తీనాలలో పనిచేసింది. ఢిల్లీలోని తీన్‌మూర్తి స్మారకంలోని మూడు విగ్రహాలలో ఒకటి దీనిదే. తక్కినవి జోధ్‌పూర్, మైసూరు దళాలవి. రెండవది నిజాం ఖర్చుతో, బ్రిటిష్ అధికారుల అదుపులో పెరిగిన హైదరాబాద్ కంటింజెంట్. 1903లో అది భారత సైన్యంలో కలిసిపోయింది. దాని పదాతి దళాలకు 94 నుంచి 99 వరకు సంఖ్యలు దక్కాయి. 1922 పునర్వ్యవస్థీకరణలో అవే 19వ హైదరాబాద్ రెజిమెంట్ బటాలియన్లయ్యాయి. కనుక 98వ పదాతి దళం, 4/19 హైదరాబాద్ అన్నవి ఒకే దళపు రెండు పేర్లు. భుజం మీద 98 కనిపిస్తే ఆ చిత్రాన్ని 1903–1922 మధ్యదిగా భావించవచ్చు.

అసలు చిక్కు ఇక్కడే. రెజిమెంటు పేరు దక్కనుది. సిపాయిలలో అధికులు కుమావూనీలు, జాట్లు, అహీర్లు. 1942 జనవరిలో మలయాలోని స్లిమ్ నది వద్ద దెబ్బతిన్న 4/19 హైదరాబాదును తెలుగువారి దళంగా లెక్కించడానికి ఆధారం లేదు. ఈ రెజిమెంటు బటాలియన్‌కు అరకాన్‌లో నాయకత్వం వహించిన తిమ్మయ్య కొడగువాడు. 1945లో రెజిమెంటు పేరే కుమావూన్‌గా మారింది. ఆ మార్పు ఆలస్యంగా జరిగిందేగాని అసమంజసం కాదు.

దీనికి తలకిందులైన సందర్భమూ ఉంది. 1922లో ఏర్పడిన 1వ పంజాబ్ రెజిమెంటులోని పాత బటాలియన్లు పుట్టుకతో మద్రాసు పదాతి దళాలు. ‘యుద్ధజాతుల’ సిద్ధాంతం వల్ల దక్షిణాది సిపాయిల స్థానంలో ఉత్తరాదివారు చేరారు. పేరు కూడా మారింది. అందువల్ల తెలుగు సిపాయి కోసం వెదికే పరిశోధకుడికి భుజం మీది పేరు రెండు విధాలా దారి తప్పించగలదు.

అంతకంటే నమ్మదగినది మద్రాస్ శాపర్స్ అండ్ మైనర్స్ ధరించిన ‘దుప్తా’ అనే తలపాగా. అక్షరాలు మసకబారిన చిత్రంలోనూ దాని విశిష్టమైన ఆకారం గుర్తుపట్టవచ్చు. తమిళులతో పాటు తెలుగువారూ చేరిన దళమది. అక్కడి నుంచి పేర్లకు వెళ్లాలంటే మాత్రం భర్తీ జాబితాలనూ, మరణించినవారి నమోదులనూ ఆశ్రయించక తప్పదు. తండ్రి పేరు, గ్రామం, జిల్లా కనిపించే అవకాశం ఉన్నది వాటిలోనే.