ఆస్మియం టెట్రాక్సైడ్

ఆక్సిజన్‌ను తానే మోసుకొచ్చి కర్బన అణువుకు అందించే లోహ సమ్మేళనం. దీనిలోని రెండు ఆక్సిజన్ పరమాణువులు ఆల్కీన్ ద్విబంధానికి ఒకే వైపు నుంచి అతుక్కుంటాయి. ఏర్పడిన ఆస్మేట్ ఎస్టర్ నీటితో విడిపోయి డయాల్‌నిస్తుంది. ఆస్మియం ఆక్సీకరణ స్థితి 8 నుంచి 6కు దిగుతుంది, సహ ఆక్సీకారిణి దాన్ని మళ్లీ 8కి చేరుస్తుంది. ఈ చర్యకు కైరల్ రూపమిచ్చిన రసాయన శాస్త్రవేత్త షార్ప్‌లెస్ 2001లో నోబెల్ పంచుకున్నారు.

లోహం చాలా ఖరీదు. పైగా ఈ టెట్రాక్సైడ్ గది ఉష్ణోగ్రతలోనే ఆవిరయ్యే విషం, కళ్లకు మరీ ప్రమాదం. ఈ చిక్కుకు అందమైన పరిష్కారం హైదరాబాద్‌లోని భారత రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో దొరికింది. బి.ఎం. చౌదరి, ఎం. లక్ష్మీకాంతం బృందం 2001లో ఆస్మేట్ అయాన్లను పొరలుపొరలుగా ఉండే డబుల్ హైడ్రాక్సైడ్‌పై నిలిపింది. పొరలది ధనావేశం, ఆస్మేట్‌ది రుణావేశం. అందుకే అయాన్లు పొరలను పట్టుకుని ఉంటాయి, చర్య ముగిశాక ఆ పొడిని వడకట్టి మళ్లీ వాడుకోవచ్చు.