మసి అంటిన కుండ

ఖరగ్‌పూరు రైల్వే కాలనీలలో తెలుగు మాట వినబడుట వింత కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే పనులకై ఉత్తరాంధ్ర గ్రామములనుండి ఎందరో వచ్చి ఇచ్చట స్థిరపడిరి. వారు శాసనములు వేయించినవారు కారు. అట్టి సామాన్యుల చరిత్రను ఎందు వెదకవలెను? పురాతత్త్వజ్ఞులు మట్టికుండను చూపుదురు.

ఖరగ్‌పూరునకు ఉత్తరమున, బర్ధమాన్ ప్రాంతమున, అజయ్ నదీతీరమందు పాండురాజార్ ఢిబి అను దిబ్బ కలదు. 1962-65 నడుమ పరేశచంద్ర దాస్‌గుప్త ఆధ్వర్యమున అచ్చట జరిగిన త్రవ్వకములలో మానవ సమాధులును, నలుపు ఎరుపు వన్నెల మట్టిపాత్రలును బయల్పడినవి. ఈ పాత్రలకు లోపలను అంచునను నలుపు, వెలుపల ఎరుపు. బోర్లించి కాల్చునప్పుడు గాలి సోకని భాగము నల్లబడి, సోకిన భాగము ఎర్రబారునని పండితులు చెప్పుదురు. మన నాగార్జునకొండలో, లోయ జలాశయమున మునుగుటకు ముందు, 1954-60 నడుమ త్రవ్విన బృహచ్ఛిలా సమాధులలోను ఇట్టి పాత్రలే దొరకినవి. అట్టి సమాధులను మన పల్లెలలో రాకాసి గుళ్ళందురు.

ఇది విని, మన పూర్వులు ఆనాడే వంగదేశమున ఉండిరని ఖరగ్‌పూరు తెలుగువారు పొంగిపోవచ్చును. కుండ అందుకు సాక్ష్యము పలుకదు. పాండురాజార్ ఢిబిలోని తొలి పాత్రలు క్రీస్తుకు పూర్వము రెండవ సహస్రాబ్దివి. నాగార్జునకొండ సమాధులు మొదటి సహస్రాబ్దివి. పనితనము చేతినుండి చేతికి దేశములు దాటును. ఆ చేతుల భాష యేదో మట్టి చెప్పదు.

మరి కుండ చెప్పునదేమి? దూరమున పెరూ దేశపు సముద్రతీరమందు అంకోన్ అను ప్రాచీన శ్మశానమున్నది. 1875లో రైస్, స్ట్యూబెల్ అను జర్మను పండితులు దానిని త్రవ్విరి. మృతులకు తోడుగా మొక్కజొన్న మున్నగు ఆహారమును, పాత్రలను ఉంచుట అచ్చటి ఆచారము. ఆండీస్ ప్రాంతపు సమాధులలో మసి అంటిన వంటకుండలును కనబడును. సమాధికొరకే చేయించి, పొయ్యి యెక్కింపని కుండకు వంటమసి ఉండదు. మసి ఉన్నదనగా అది పొయ్యి యెక్కిన కుండ. మరునాటి వంటకు పనికివచ్చు పాత్రనే ఇంటివారు మృతునకు ఇచ్చివేసిరన్నమాట.

రాజు ఇచ్చిన దానిని తామ్రశాసనము చెప్పును. పేదయిల్లు వదలుకొన్న దానిని మసి చెప్పును. ఖరగ్‌పూరులో ఏ యింటనైన అవ్వ వండిన పాతకుండ మిగిలియున్నచో, దానిని పారవైచుటకు ముందు, అది ఏ యూరినుండి ఎవరి చేత వచ్చినదో ఒకమారు అడిగి వ్రాసియుంచుట మేలు.