పరిగెత్తినవాళ్లకి పేరేది?

బొబ్బిలి యుద్ధం గురించి మాట్లాడేటప్పుడు మన మాటలే ముందుగా తీర్పు చెప్పేస్తాయి. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతో, విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు మనుషులతో వచ్చి కోట మీద పడ్డారు. కోట పడిన మూడో రాత్రి తాండ్ర పాపారాయుడు గుడారంలో దూరి నిద్రలో ఉన్న విజయరామరాజుని పొడిచి చంపాడు. బొబ్బిలి వైపు నిలబడితే అది ప్రతీకారం, విజయనగరం వైపు నిలబడితే హత్య. ఈ పేచీ ఎప్పటికీ తెగదు, తెగకపోయినా పర్లేదు.

నాకు మింగుడుపడని మాట వేరే ఉంది: 'ఆత్మార్పణ'. కోటలోని ఆడవాళ్ల చావుకి మనం పెట్టుకున్న పేరది. ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ రాసిన ప్రకారం, సొంత మగవాళ్లే ఇళ్లకి నిప్పంటించి, మంటల్లోంచి తప్పించుకోబోయిన ఆడవాళ్లని బాకులతో పొడిచారు. పిల్లలూ అలాగే పోయారు. ఆర్మ్ కంపెనీ మనిషి, కళ్లారా చూసినవాడూ కాదు. అతన్నీ అనుమానించాల్సిందే, సరే. కానీ తప్పించుకోబోయిన మనిషి తనని తాను అర్పించుకున్నట్టు ఎలా అవుతుంది? 1964 సినిమా చూసి పాపారాయుడికి ఈలలు వేసిన మనకి ఈ ప్రశ్నే రాలేదు.

రాజా రంగారావు పసికొడుకుని మాత్రం ఒక ముసలాయన చంపకుండా దాచి, తెచ్చి ఫ్రెంచివాళ్లకి అప్పగించాడు. ఆ పిల్లాడు పెద్దయ్యాక బొబ్బిలి గద్దె ఎక్కాడు. మంటల్లోంచి పరిగెత్తినవాళ్లలో ఒక్కరి పేరూ మనకి తెలీదు.