ఓడ జాబితాలో ముత్తాత పేరు



తర్పణ సమయాన తండ్రిని, తాతను, ముత్తాతను గోత్రనామాలతో స్మరించడం మన సంప్రదాయం. ఆలయ జీర్ణోద్ధరణ పనులు ఆరంభమైన రోజులలో దక్షిణాఫ్రికా నుండి వచ్చిన ఒక తెలుగు దంపతులు విరాళం సమర్పించి, తర్పణం చేయించమని కోరారు. ముత్తాత పేరు వద్ద ఆయన ఆగిపోయారు. “ఓడలో వచ్చారట స్వామీ, అంతే తెలుసు” అన్నారు. గోత్రం తెలియనివారికి కాశ్యప గోత్రం చెప్పించే ఆచారం కలదు. పేరును మాత్రం ఎక్కడి నుండి తేగలం?

చెరకు తోటల కూలీలతో మద్రాసు నుండి బయలుదేరిన ‘ట్రూరో’ నౌక 1860 నవంబరు 16న డర్బన్ రేవు చేరింది. అందులో వచ్చినవారు 342 మంది. 1911 వరకు ఇట్లు నేటాల్ సీమ చేరినవారు 1,52,184 మంది. విశాఖపట్నం, గంజాం, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు వారిలో ఎందరో ఉన్నారు.

ప్రతి ఓడకూ ఒక జాబితా వ్రాశారు. అందులో ప్రతి మనిషికీ ఒక సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, గ్రామం, దేహంపై గల గుర్తులు కనిపిస్తాయి. ఆ జాబితాలు డర్బన్ పురాలేఖాగారంలో ఉన్నాయి. మారిషస్ వెళ్లినవారి పత్రాలు, ఛాయాచిత్రాలు అక్కడి మోకా పట్టణంలోని మహాత్మా గాంధీ సంస్థలో ఉన్నాయి.

పరదేశ గుమాస్తాలు మన పేర్లను విన్నట్లు వ్రాసుకున్నారు గనుక పేరుతో వెదకడం కష్టం. ఇంటిలోని పాత జనన, వివాహ పత్రాలపై ఆ సంఖ్య ఉంటే దారి సుగమం. ఓడ చిత్రం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఒకే పేరుతో పలు ఓడలు తిరిగాయి. ప్రయాణ సంవత్సరం, ఓడ పరిమాణం, నాయకుని పేరు లాయిడ్స్ రిజిస్టరుతో సరిపోల్చిన పిమ్మటే పటం కట్టించాలి.

ఆ దంపతులు నాయనమ్మగారి పెట్టెలోని కాగితంపై సంఖ్య చూసి, జాబితాలో ముత్తాతను గుర్తించారు. ఆయన తండ్రి పేరు కూడా పక్కనే ఉన్నది. తమ ఇంట ఎన్నాళ్లుగానో పటం కట్టి ఉంచిన ఓడ మాత్రం అదే పేరుగల వేరొక ఓడ అని తేలింది. గత మహాలయ పక్షంలో వారు మరల వచ్చారు. ముత్తాత పేరు చెప్పి తిలోదకాలు విడిచేటప్పుడు ఆయన గొంతు వణికింది.

పాఠకులారా, లోపం వారిది మాత్రమే కాదు. సముద్రం దాటినవారి పేరు ఇక్కడి ఇళ్లలోనూ పలకడం మానివేశాం. మీ పెద్దలు అట్లు వెళ్లినవారిని గురించి చెప్పియుంటే, ఆ పేరు, ఊరు ఆలయ పుస్తకంలో వ్రాయించండి. దాతల నామాలు శిలపై చెక్కించుకుంటున్న ఈ శుభవేళ, వారి నామాలు కనీసం కాగితంపైన నిలవాలని నా మనవి.

శుభం భూయాత్.