మండపేటకు ఆరు సంఖ్యలు

మండపేట అన్న పేరును వెబ్ పేజీలో రాస్తే కంప్యూటర్ దాచుకునేది ఆరు సంఖ్యలు: 3118, 3074, 3105, 3114, 3143, 3103. జావాస్క్రిప్ట్‌లో చార్‌కోడ్‌ఎట్ అనే ఆదేశాన్ని మొదటి స్థానంలో ఏముందని అడిగితే 3118 అంటుంది. అది మ. తర్వాతిది సున్న, అయిదోది ఏత్వం. ఈ సంఖ్యలు అచ్చులో కనిపించే ఆకారాలవి కావు, వర్ణాలవి. ఆకారాన్ని వదిలి వర్ణానికి సంఖ్య ఇవ్వడం వల్లే వెబ్‌లో తెలుగు నిలిచిందని నా వాదన. అలా ఇవ్వని రోజులే దీనికి సాక్ష్యం. 1990లలో వెబ్‌లోకి వచ్చిన తెలుగు పత్రికలు ఎవరి ఫాంటుతో వారే వచ్చాయి. రోమన్ అక్షరాల సంఖ్యల మీదే తలకట్లు, గుడులు, ఒత్తులు అతికించేవారు. ఆ ఫాంటు లేనివాళ్లకు తెరమీద అర్థంలేని గుర్తులే మిగిలేవి. ఒక పత్రికలో దొరికిన మాట అదే వెతుకులాటతో మరో పత్రికలో దొరికేది కాదు. ఆ పేజీలను, పై ఆరు సంఖ్యలు ఇచ్చిన యూనికోడ్ అనే పట్టికలో చదివించడానికి ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అనే పొడిగింపు, దానికి ఫాంటుకో పట్టిక కావలసి వచ్చాయి.

ఇంకో దారి అప్పటికే ఉంది. భారతీయ లిపులకు ఒకే వరుస ఇచ్చిన ఇస్కీ ప్రమాణం 1988 రూపాన్ని 1991లో యూనికోడ్ తీసుకుంది. తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 గళ్లు వచ్చాయి. నాగరి మ 2350, మన మ 3118, తేడా 768. క దగ్గరా అదే తేడా. కన్నడ మ సంఖ్య మనకన్నా సరిగ్గా 128 ఎక్కువ. నాగరి చట్రంలో మనల్ని ఇరికించారన్న ఆక్షేపణలో నిజం ఉంది: దంత్య ౘ, ౙలకూ పాత భిన్నాంకాలకూ 2008లో గానీ చోటు దొరకలేదు. కానీ దొరికింది ఆ చట్రంలోని ఖాళీ గళ్లలోనే.

ఇంతకన్నా బరువైన ఆక్షేపణ ఒకటుంది. చదివేవాడికి మండపేట నాలుగక్షరాలు, యంత్రానికి ఆరు. పేరును మొదటి సంఖ్య దగ్గర తెంచితే సున్న ఊడిపోతుంది. అందుకని ప్రతి గుణింతానికీ, సంయుక్తాక్షరానికీ విడి సంఖ్య ఇవ్వాలంటే వేల గళ్లు కావాలి. అక్షరాలుగా విడగొట్టి లెక్కించడం ప్రోగ్రామ్ పని, సంఖ్యల పట్టిక పని కాదు. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అన్న అక్షరానికి కంటికి కనిపించని ఒక గుర్తు తోడై ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. అప్పుడూ సంఖ్యలు సరిగానే ఉన్నాయి, వాటిని అక్షరంగా గీసే ప్రోగ్రామే తప్పింది. యాపిల్ కొద్ది రోజుల్లోనే దాన్ని సరిచేసింది, తెలుగు పట్టికలో ఒక్క గడీ మారలేదు. ఇక వెబ్‌లో ఒక్కో తెలుగు సంఖ్యను దాచడానికి మూడు బైట్లు దండగన్న ఆక్షేపణ నేటి నెట్ వేగంలో నిలవదు.

యూనికోడ్ కాని అను ఫాంట్లలో కూర్చిన పుస్తకాల ఫైళ్లు మన డీటీపీ సెంటర్లలో ఇంకా ఉన్నాయి. వాటిని తెరిచే కంప్యూటర్లు పనిచేస్తుండగానే యూనికోడ్‌లోకి మార్చి, ప్రూఫు చూసి దాచమని ప్రచురణకర్తలను, రచయితలను కోరుతున్నాను.